మల్కాకు ముందుగాలనే తెల్సింది

పోయిన వారం మిమ్ములను మా ఇంటి గేటు కాడ నిలవెట్టి పోయిన. గోనెసంచిల పిల్లిని పెట్టి, మూతి కట్టి, అంజన్న ట్రాలీ ఆటోల ఎక్కిచ్చి, "గోదావరి దాటినంక ఇడిచిపెట్టి రా, నీళ్ళు దాటిన పిల్లి మల్ల రాదు" అని చెప్పిన. ఇంట్లకొచ్చి చేతులు కడుక్కొని కోడలితోని, "మల్కా కనవడ్తలేదు బిడ్డా, యాడికో పోయినట్టున్నది" అన్న. గక్కడ ముచ్చట ఆగింది. వారం సంది నన్ను తిట్టుకునేటోళ్ళు తిట్టుకుంటనే ఉంటరు. తిట్టున్రి, నాకేం రోషం లేదు. ఇయ్యాల చెప్పేది విన్నంక ఇంకో నాలుగు ఎక్కువనే తిడ్తరు.

కొత్తగ చదివేటోళ్ళకు జర చెప్పాలె. నా పేరు దేవకి. ముప్పై నాలుగేండ్లు ఏఎన్ఎం నర్సుగ చేసి రిటైరైన. కరీంనగర్ల మా గల్లీల నన్ను పేరు వెట్టి ఎవ్వరు పిలువరు, అందరికి నర్సమ్మనే. నా కొడుకు విక్రాంత్ గ్రానైటు క్వారీల మేనేజరు, పొద్దుగాల పోతే మాపటికి గాని రాడు. కోడలు ప్రణతి. ఆ పిల్లకు ఇంతకుముందు రెండు కడుపులు నిలువలే. ఒకటి మూడో నెలల పోయింది, ఇంకొకటి ఐదో నెలల పోయింది. ఇది మూడోది. గర్భసంచి మూతికి కుట్టు వేసి, బాత్రూంకు తప్ప మంచం దిగద్దన్నరు డాక్టరమ్మ. మొన్ననే ఐదో నెల వడ్డది. పోయినసారి పోయింది గీ నెలల్నే. అందుకే ఇంట్ల అందరం ఊపిరి బిగపట్టుకొని ఉన్నం.

రోజు పొద్దుగాల ఛాయ్ తాగినంక నేను పోయి ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వెట్టి చూస్త. డాక్టరమ్మ మిషన్ పెట్టి వంద చెప్పినా, నా చెయ్యి పడి "మంచిగున్నది బిడ్డా" అంటెనే దానికి నిమ్మళం. నాకు సుత అంతే. ఆ ఒక్క నిమిషం కోసమే నేను నిద్ర లేస్తున్న అన్నా అబద్ధం కాదు.

ఇగ మల్కా. మల్కా అంటే మా పిల్లి. గాజులమ్మే బిస్మిల్లా బీ ఏడాదిన్నర కింద తెచ్చిచ్చింది. రెండో కడుపు పోయి ప్రణతి గోడ దిక్కు తిరిగి పన్నప్పుడు, కొంగుల ఇంత పిల్లికూనను పట్టుకొచ్చి దాని ఒడిల ఏసింది. "మల్కా అని పిలువు బేటీ, రాణి అన్నట్టు" అన్నది. ఆ పేరు ఏ ఘడియల వెట్టిందో గాని, అది నిజంగనే రాణి లెక్క బతికింది మా ఇంట్ల. నా కుర్చీ దానిదే, నా శాలువ దానిదే.

మనసుల ఉన్నది దాచుడు నాకు చాత కాదు, అందుకే చెప్తున్న. మల్కా అంటే నాకు కండ్లమంట. ఎందుకంటే, నా ఇంట్ల నాకంటె ముందుగాల దానికి తెల్సింది.

సర్వీసుల ఉన్నప్పుడు ఆడిపిల్ల నడక చూసి చెప్పేదాన్ని. నెల తప్పి పది దినాలైతే చాలు, మొఖం కళ చూసి చెప్పేదాన్ని. "నర్సమ్మ కంటికి తెల్వని కడుపు లేదు" అని హుస్నాబాద్ దిక్కు ఊర్లళ్ళ ఇప్పటికీ అంటరు. గసొంటి నేను, ఒక్క కప్పు కింద ఉండుకుంట, నా కోడలిని కనిపెట్టలే. మల్కా కనిపెట్టింది.

దాని రోజుటి ఆట ఏందంటే, అల్మారి మీదికెల్లి ప్రణతి పొట్ట మీదికి దుంకుడు. ఆ పిల్ల "అమ్మా" అని ఒర్రాలె, ఇది తోక లేపుకొని పోవాలె. ఒకనాడు గా ఆట బందైంది. అల్మారి మీద నిలవడ్డది, కిందికి చూసింది, ఎనుకకు మళ్ళింది. కుర్చీ మీదికి దిగి, కుర్చీ మీదికెల్లి మంచం ఎక్కి, మెల్లగ నడుసుకుంట వచ్చి పొట్టకు ఆనుకొని పన్నది. నేను చూసిన, "ముసల్ది అయితున్నదిరా నీ పిల్లి" అని నవ్విన. నవ్వి పోయి పప్పు కడుక్కున్న. గిదీ నా తెలివి!

అటెనుక పొద్దుగాల లేస్తెనే వచ్చి పిల్ల నోటి వాసన చూసుడు షురూ చేసింది. కాళ్ళ కాడ పండేది కాస్తా నడుముకు ఆనుకొని పండవట్టింది. బాత్రూంల వాంతులైతుంటే తలుపు ముందల కూసొని, లోపలికెల్లి మనిషి వచ్చేదాక కదులకపొయ్యేది. తిన్నది అరుగలేదనుకున్న నేను. ఇరవై దినాల తర్వాత ప్రణతి స్ట్రిప్పు పట్టుకొని వచ్చి నాకు చెప్పింది. ఏమన్నదో ఎరుకనా? "అత్తమ్మా, భయానికి నేను తారీకులు సుత చూస్కోలే. మల్కా దుంకుడు బందువెట్టిందని శంక వచ్చి స్ట్రిప్పు తెప్పిచ్చుకున్న" అన్నది. నేను సంబురపడ్డ, దేవునికి దండం పెట్టిన, అంత అయినంక వంటింట్ల నిలవడి నా మొఖం మీద నేనే ఉమ్మేసుకున్నంత పని చేసిన.

అయినా దాని పనితనాన్ని మెచ్చుకోకుంట ఉండలేను. ఎంత గుస్సా ఉన్నా మంచి పని చేసేటోళ్ళను చూస్తే నాకు తల వంగుతది. నా కింద పనిచేసినోళ్ళల్ల సగం మంది గంత శ్రద్ధగ డ్యూటీ చెయ్యలే. కుట్టు వేయించుకొని దవాఖాన నుంచి తెచ్చిన రోజు, పిల్ల ఒళ్ళంత మందుల వాసన. మల్కా తల కాడికెల్లి కాళ్ళ దాక వాసన చూసింది. చూసి, పొట్ట కాడ ఆగి, గక్కడ్నే కూలవడ్డది. రెండు రోజులు ప్రణతి తింటెనే తిన్నది, అది తినకుంటె తినలే.

మూడో రోజు సంది తెచ్చుడు మొదలువెట్టింది. మా దిక్కు కడుపుతోని ఉన్న పిల్లకు చుట్టుపక్కలోళ్ళు నోటికి రుచైంది చేసి గిన్నెలళ్ళ పట్టుకొస్తరు. మా ఆడిబిడ్డ సకినాలు తెచ్చింది. ఎదురింటి సత్తమ్మ పచ్చిపులుసు తెచ్చింది. మల్కా సుత తెచ్చింది. ఒకనాడు మిడత, ఇంకోనాడు బల్లి, ఆదివారం నాడు ఎలుక. ఎలుక మెడ మీద ఒక్కటే పంటి గాటు, ఇంకేం చెడగొట్టలే. దిండు పక్కన పెట్టి, రెండడుగులు ఎనుకకు జరిగి, ప్రణతి మొఖం చూసుకుంట కూసున్నది. తిను బిడ్డా అన్నట్టు!

నేను కేకలేసి, చీపురు తెచ్చి, గదంత ఫినాయిల్ తోని కడిగిన. ప్రణతి నవ్వుకుంట, "అందరు తెస్తున్రు గదా అత్తమ్మా, అది సుత తెచ్చింది" అన్నది. నేను తిట్టుకుంటనే కడిగిన గాని, లోపల మాత్రం దాన్ని మెచ్చుకున్న. ఆకలైతే అదే తినొచ్చు గదా. తినలే. తన నోటి కాడిది తెచ్చి కడుపుతోని ఉన్న మనిషికి పెట్టింది. సొంత మనుషులే గంత చెయ్యరు.

ఆ మర్నాడే రక్తం రిపోర్టు వచ్చింది. ల్యాబ్ కాడికి నేనే పోయి తెచ్చిన. పిల్లుల వల్ల వచ్చే జబ్బు కడుపుల బిడ్డకు తగుల్తదని మాకు ట్రైనింగుల చెప్పిన్రు. రిపోర్టుల ఆ జబ్బు పేరు ఎదురుంగ "పాజిటివ్" అని ఉన్నది. మా కాలంల పాజిటివ్ అంటే మలేరియా స్లైడు పాజిటివ్, టీబీ కళ్ళె పాజిటివ్. పాజిటివ్ అంటే ఉరుకుడే, ఇంకో మాట లేదు. డాక్టరమ్మను అడగాల్సింది. అడగలే. ముప్పై నాలుగేండ్ల నర్సును, నాకొకలు చెప్పేదేందని మిడిసిపడ్డ. కోడలు బెంగ వెట్టుకుంటదని రిపోర్టు చీరల కింద దాచిన. మల్లొక గంటకు మల్కా సంచిల ఉన్నది.

అట్ల ఐదు రోజులైంది. ఐదు రోజుల సంది ప్రణతి సగం చపాతి తింటున్నది, సగం కిటికీల పెడ్తున్నది. "మల్కా, మల్కా" అని పిలిచి, గొంతు పోయినంక ఊకుంటున్నది. పొద్దుగాల నా చెయ్యి పడ్తే మునుపటి లెక్క కండ్లు మూసుకుంటలేదు, కిటికీ దిక్కే చూస్తున్నది. రెండు పోగొట్టుకున్న పిల్ల, తిండి మానేస్తే మూడోది ఎట్ల నిలుస్తది? నాకు ఆ ఫికరే. అందుకే శనివారం నాడు బిస్మిల్లా బీకి కబురు చేసిన. ఐదో నెల వడ్డది గదా, నలుగురిని పిలిచి వేడుక చేసే ధైర్యం ఎట్లాగు లేదు, చేతుల నిండ పచ్చగాజులన్న పడితే పిల్ల మొఖం తెలివికొస్తదని.

బిస్మిల్లా బీ పదిన్నరకు వచ్చింది. అరవై ఏండ్ల మనిషి, గాజుల మలారం నెత్తి మీదికెల్లి తనే దించుకుంటది, ఒకలను చెయ్యి వెయ్యనియ్యదు. మంచం మీద కూసొని ప్రణతి ఎడమ చెయ్యి అందుకున్నది. ఆ మనిషి పని చూసుడు నాకు ఇష్టం. అయిదు వేళ్ళు దగ్గరికి మడిచి, బొటనవేలు కింది ఎముకను ఒత్తుకుంట ఒత్తుకుంట, చెయ్యిని రొట్టెపిండి లెక్క మెత్తగ చేసి, గాజు ఎక్కిచ్చేస్తది. పగులుడు లేదు, గీసుకునుడు లేదు.

"చెయ్యి ఒదులు బేటీ. నా చేతుల పెట్టినంక అది నీది కాదు, నాది" అనుకుంట తొమ్మిది గాజులు వేసింది. గలగల ఊపి చూసింది. ఊపి, అటు ఇటు చూసింది.

"ఏదీ మా మల్కా? గాజుల చప్పుడు ఇంటే ఏడున్నా ఉరికొస్తది గదా?"

ప్రణతి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "పోయింది ఖాలా. ఐదు రోజులైంది. యాడికి పోయిందో తెల్వదు."

"పోయిందా?" బిస్మిల్లా చేతుల ఉన్న గాజు ఆగింది. "నిన్ను ఇడిచిపెట్టా? నక్కో, గా మాట అనకు. దాని తల్లి, దాని అవ్వ అన్నీ మా వాకిట్ల పెరిగినయి, పిల్లులను నేను ఎరుగనా? కడుపుతోని ఉన్న మనిషి కాడ గంతగనం పహరా ఉన్న పిల్లి తనంతల తాను పోదు. ఎవలో తీస్కపోయిన్రు."

అని నా దిక్కు తిరిగింది. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు అంటరు గదా, గా సామెత పిల్లికి కాదు, నాకు. ఐదు రోజులు నన్నెవరు చూస్తలేరనే అనుకున్న.

"నా దిక్కేం చూస్తవే?" అని గయ్యిమన్న.

"నీ దిక్కు చూస్తలే నర్సమ్మా. నీ చెయ్యి చూస్తున్న. నలభై ఏండ్ల సంది చేతులు చూసుడే నా పని." నా కుడి చెయ్యి పట్టి తన దగ్గరికి గుంజుకున్నది. "గిదేంది?"

"గులాబి చెట్టు గీస్కపోయింది."

"గులాబి ముల్లు ఒక్క గీత గీస్తది. గివి మూడు. పక్కపక్కకు, ఒక్క తీరు. గివి ముండ్లు కావు నర్సమ్మా, గోర్లు."

ప్రణతి లేచి కూసున్నది. నా చెయ్యి చూసింది, నా మొఖం చూసింది. ఐదు రోజుల సంది అదే చేతితోని దాని పొట్ట చూస్తున్న గదా, గులాబి అంటే నమ్మింది. నన్ను నమ్మకుంట ఇంకెవలను నమ్ముతది?

"అత్తమ్మా?" అన్నది, గంతే.

ఇగ నాకు గుస్సా వచ్చింది. తప్పు చేసినోళ్ళకు వచ్చేది ముందుగాల గుస్సానే. "అవును, నేనే పంపిన! గోదావరి అవుతలికి పంపిన! ఊకె పంపిన్నా? నీ కోసం పంపిన, నీ కడుపుల బిడ్డ కోసం పంపిన!" అనుకుంట బీరువ తీసి, చీరలన్ని కింద పడేసి, రిపోర్టు తెచ్చి మంచం మీద కొట్టిన. "చదువు! పిల్లి జబ్బు పాజిటివ్ అని రాసి ఉన్నది. రెండు పోయినయి. మూడోదాన్ని సుత పోనియ్యాల్నా, ఒక పిల్లి కోసం?"

ప్రణతి చదివింది. ఏడుస్తదనుకున్న, ఏడవలే. "ఖాలా, జర గా ఫైలు అందియ్యు" అన్నది. బిస్మిల్లా బల్ల మీదున్న ఫైలు ఇచ్చింది. అడుగుకెల్లి ఒక పాత కాగితం తీసి, కొత్తదాని పక్కన పెట్టి, నా ముందలికి జరిపింది.

"ఇది రెండేండ్ల కింద చేసింది అత్తమ్మా. దీంట్ల సుత గదే పాజిటివ్ ఉన్నది, చూడున్రి. దాని కింద ఇంకొక లైన్ ఉంటది, అది నెగెటివ్. పైది పాజిటివ్, కిందిది నెగెటివ్ అంటే ఎప్పుడో చిన్నప్పుడు తగిలి పోయింది, ఇప్పుడు ఒంట్ల దానికి అడ్డం నిలిచే బలం ఉన్నదని అర్థం. మంచిదే అన్నరు డాక్టరమ్మ గప్పుడే. కొత్తదాంట్ల సుత గంతే ఉన్నది." పాత కాగితం మీది తారీకు చూపిచ్చి అన్నది: "రెండేండ్ల కింద మల్కా ఇంకా పుట్టనే లేదు."

రెండు కాగితాలు చూసిన. రెండో లైన్ చూసిన. నా అద్దాలతోని, నా కండ్లతోని, ల్యాబ్ మెట్ల మీద నిలవడి చదివిన కాగితమే అది. పై లైన్ చదివి మడిచి సంచిల వేసుకున్న. కింది లైన్ చదువలే.

గక్కడ ఆపితే అయిపోతుండె. "తప్పు చదివిన బిడ్డా, మాఫ్ చెయ్యి" అంటే ఆ పిల్ల మాఫ్ చేస్తుండె. దాని మనసు గసొంటిది. బిస్మిల్లా సుత, "సరే తియ్యి, మనిషన్నంక తప్పు చేస్తది" అననే అన్నది. కాని ప్రణతి ఇంకొక మాట అడిగింది. నన్ను కుచ్చాలని అడగలే. దాని బాధ దానిది.

"సంచిల వెడ్తుంటే బగ్గ కొట్లాడిందా అత్తమ్మా? గట్ల గీరిందంటే?"

"లే. సప్పుడు చెయ్యకుంటనే వచ్చింది. నేను పిలిస్తే వచ్చింది."

"మరి ఎప్పుడు గీరింది?"

"ఎత్తుకునేటప్పుడు... పొట్ట కింద చెయ్యి వెట్టిన గదా, గప్పుడు."

గక్కడ ఆపుదామనుకున్న గాని మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాలె అంటరు. దాచింది బయటికి రాకుంట ఉంటదా?

"నాలుగు" అన్న.

"నాలుగేంది?" బిస్మిల్లా అడిగింది.

"పిల్లలు. మల్కా కడుపుల నాలుగు పిల్లలున్నయి. ఇంకా నిమ్మకాయంత కాలే. పైకి కనవడది, చెయ్యి వెడ్తె ఎరుకైతది. చెయ్యి వెట్టిన. ఎరుకైంది. లెక్కవెట్టిన." చెప్పుకుంట నాలుగు వేళ్ళు చూపిన. "లెక్కవెట్టి, సంచిల వెట్టి, మూతి కట్టిన."

ప్రణతి కాగితాలు పక్కకు నూకింది.

"ఎందుకు?" అన్నది ప్రణతి.

ఏం చెప్పాలె? రిపోర్టు పేరు చెప్పలేను, గది అయిపోయింది. ఉన్నదే చెప్పిన. "దానికి నాకంటె ముందు తెల్సింది బిడ్డా. నువ్వు స్ట్రిప్పు పట్టుకొని వచ్చి మల్కా చెప్పిందన్ననాడే నా కడుపు మండింది. గా తర్వాత నువ్వు రాత్రి భయమేస్తే నన్ను లేపలే, దాన్ని దగ్గరికి గుంజుకున్నవు. నా చెయ్యి ఒక్క నిమిషం, అది ఇరవైనాలుగ్గంటలు. నేను వేలమందికి కాన్పు చేసిన మనిషిని, నా ఇంట్ల నా కోడలికి నేను అక్కెర లేదా అనిపిచ్చింది. రిపోర్టు దొరికింది, సాకు దొరికింది. సంచి కట్టేటప్పుడు సుత తెల్సు నాకు, చేసేది పాపమని. తెల్సే కట్టిన."

ముప్పై నాలుగేండ్లల ఎంతమంది ఆడోళ్ళను తిట్టిన, కడుపుతోని ఉన్న కోడలితోని నీళ్ళు మోపిస్తవా అని, కడుపుతోని ఉన్నదాన్ని బస్సుల నిలవెడ్తవా అని. గసొంటి నేను, కడుపుతోని ఉన్న జీవాన్ని సంచిల కట్టి లారీలు తిరిగే రోడ్డు మీదికి పంపిన. బిస్మిల్లా "తోబా, తోబా" అని చెంపలు వేసుకున్నది. తిడ్తె బాగుండు. తిట్టలే.

కొంతసేపటికి బిస్మిల్లా ప్రణతి కుడి చెయ్యి అందుకోబోయింది. ప్రణతి చెయ్యి ఎనుకకు తీస్కున్నది.

"గీ చేతికి ఇప్పుడు వద్దు ఖాలా."

"అట్ల అనకు బేటీ. ఒక్క చేతికి వేసి లేచుడు మంచిగుండదు. నా ఇన్నేండ్లల ఎన్నడు లేవలే."

"మల్కా ఇంటికొచ్చినంక వేస్కుంట."

గొంతు పెద్దగ చెయ్యలే, ఏడవలే. మా ప్రణతిని నేను మెత్తని పిల్ల అనుకునేదాన్ని. గా ఘడియల దాన్ని చూస్తే నాకు భయమైంది, గౌరవం సుత అయింది. బిస్మిల్లా నన్ను చూసి, "ఇగ ఏం నిలవడ్డవు నర్సమ్మా, ఫోన్ చెయ్యి వానికి" అన్నది.

అంజన్నకు చేసిన. స్పీకరు పెట్టమన్నది ప్రణతి, పెట్టిన.

"అమ్మా, రాయపట్నం బ్రిడ్జి దాటినంక, లక్షెట్టిపేట రోడ్డు మీద ఛాయ్ హోటల్ కాడ ఇప్పిన సంచి" అన్నడు అంజన్న. "చెట్లల్లకు దుంకి పోతదనుకున్న. పోలే. మెల్లగ దిగింది, ఒళ్ళు నాక్కున్నది, అటిటు చూసింది. చూసి, మనం వచ్చిన దిక్కే నడువవట్టింది."

"ఏ దిక్కు?" అన్నది ప్రణతి.

"బ్రిడ్జి దిక్కే చెల్లె. లారీ వస్తే పక్కకు జరుగుడు, పోయినంక మల్ల నడుసుడు. నాకు జాలైంది. ఎనుకకు తోలిన, రాళ్ళేసి బెదిరిచ్చిన. రెండుసార్లు తోలిన, రెండుసార్లు మల్ల అదే తొవ్వ ఎక్కింది. ఛాయ్ హోటలాయన సుత బయటికొచ్చి చూసిండు. గంత పెద్ద బ్రిడ్జి, కింద గోదావరి, పైన లారీలు, నడుమ గది ఒక్కతి. నేను చూసినంతసేపు ఆగలేదమ్మా. నీళ్ళు దాటిన పిల్లి రాదంటివి. అది వస్తనే ఉన్నది."

ఫోన్ పెట్టేసిన. డెబ్బై కిలోమీటర్లకు ఎక్కువనే ఉంటది రాయపట్నం మా ఇంటికి. కడుపుల నాలుగు పిల్లలు. తొవ్వ చూసింది లేదు, సంచిల పోయింది. అయినా ఏ దిక్కు రావాల్నో దానికి ఎరుకే. ఇప్పుడు నాకు కండ్లమంట కాలే. ఏడుపొచ్చింది. ఏం జీవమే నువ్వు, ఏం ధైర్యమే నీది అనుకున్న.

"ఐదు రోజులు" అన్నది బిస్మిల్లా. "బ్రిడ్జి దాటితే ధర్మపురి దిక్కే పడ్తది. గుడి కాడ, చేపలమ్మేటోళ్ళ కాడ అడుగుదాం. నేను వస్త. నేను పిలిస్తే పలుకుతది. నీకైతే పలుకదు, సంచి యాదికుంటది దానికి." మలారం మూట కట్టి మంచం కిందికి జరిపింది. ఒక్క చేతి గాజులు మిగిలినయి గదా, సామాను ఈ ఇంట్లనే ఉండాలెనట.

ఎదురింటి సత్తమ్మను పిలిచి కోడలి కాడ కూసోమన్న. విక్రాంత్‌కు ఫోన్ చేసి జల్ది రమ్మన్న. సంచిల నీళ్ళ సీస పెట్టుకున్న, పాలడబ్బ పెట్టుకున్న, నా పాత శాలువ పెట్టుకున్న. బిస్మిల్లా గేటు కాడికి పోయి బస్టాండుకు ఆటో ఆపింది. నేను చెప్పులల్ల కాళ్ళు వెట్టిన.

గప్పుడే లోపలికెల్లి, "అమ్మా" అని ఇనవడ్డది.

ఎట్ల ఉరికిన్నో నాకు తెల్వదు. ఐదో నెల. పోయినసారి సుత గిట్లనే ఒక్క కేక, అటెనుక అంత అయిపోయింది. గదిల ప్రణతి మంచం మీద కూసొని ఉన్నది, రెండు చేతులు పొట్ట మీద. కండ్లు పెద్దగైనయి.

"నొప్పా బిడ్డా? నీళ్ళు పోయినయా? పండుకో, పండుకో ముందు!"

"కాదు..." అన్నది. "కదిలింది."

"ఏంది?"

"కదిలింది అత్తమ్మా. లోపల. ఇదో, మల్ల..." అని ఏడుసుకుంట నవ్వింది. ఐదు రోజుల తర్వాత నవ్వింది. సత్తమ్మ దేవునికి మొక్కింది.

రెండు కడుపులల్ల రాని ఘడియ ఇది. ఐదేండ్ల సంది దీని కోసమే చూస్తున్న. నా చెయ్యి నాకు తెల్వకుంటనే ముందలికి పోయింది.

ప్రణతి గోడకు జరిగింది. దుప్పటి గుంజి పొట్ట మీద కప్పుకున్నది.

"మీరొద్దత్తమ్మా" అన్నది. నవ్వు ఇంకా మొఖం మీద ఉన్నది, కండ్లల్ల నీళ్ళు ఉన్నయి. "మల్కాను తోల్కరాన్రి. అప్పటిదాక మీ చెయ్యి నా కడుపు మీద పెట్టద్దు."

సత్తమ్మ నా దిక్కు చూసింది, అటెనుక కిందికి చూసింది. బయట బిస్మిల్లా, "నర్సమ్మా, బస్సు పోతది!" అని ఒర్రుతున్నది. చాపిన చెయ్యి కొంగుల దాచుకొని బయటికి నడిచిన. ఎనుక ప్రణతి, "సత్తమ్మక్కా, నువ్వు పెట్టి చూడు, ఇగో, ఇక్కడ" అంటున్నది.